తమరెవరి తాలూకండీ?

మా కోనసీమలో కొత్త మనిషి ఎదురైతే ముందు అడిగేది పేరు కాదు, ఎవరి తాలూకు అని. పేరుదేముంది, తర్వాత తీరిగ్గా తెలుసుకోవచ్చు. ఫలానా వారి మేనల్లుడనో, ఫలానా మునసబుగారి వియ్యపురాలి చెల్లెలనో తేలితే మంచినీళ్లిస్తాం. తేలకపోయినా ఇస్తాం. తేలేదాకా మాత్రం కదలనివ్వం. నేను పుట్టింది అమలాపురం పక్కన, కాపురం కూకట్‌పల్లిలో, అలవాటు మాత్రం అక్కడిదే. అరుగెక్కి పలకరించినవాళ్ల మొహం మీద తలుపెయ్యడం మా అమ్మ నాకు నేర్పలేదు. ఆవిడ కాలంలో వాట్సాప్ లేదు. మా ఇంట్లో నా మీద నడుస్తున్న కేసుకి నేనిచ్చుకునే సంజాయిషీ ఇంతే.

కేసేమిటంటే, ముక్కూ మొహం తెలియని నంబర్ల నుంచి వచ్చే ప్రతి 'హాయ్'కీ నేను జవాబిస్తాను. ఇప్పుడు మానేశాననుకోండి, వేళ్లు మాత్రం ఇంకా జివ్వుమంటూనే ఉంటాయి. మావారు రిటైరయ్యేదాకా బ్యాంకులో పనిచేశారు. సంతకం కాస్త వంకర తిరిగిందని సొంత తమ్ముడి చెక్కునే వెనక్కి పంపిన ఘనులు. పాలవాడు పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చినా అనుమానిస్తారు. ఇలాంటి ఇద్దర్ని ఒక ఇంట్లో పడేసిన ఆ పెళ్లిళ్ల పేరయ్య ఇప్పుడు లేడు గానీ, ఉంటే అతని నంబరూ బ్లాకులోనే ఉండేది.

ఈ జబ్బు నిన్నా మొన్నటిది కాదు. అమ్మాయి ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఇంట్లో యాహూ మెసెంజర్ ఉండేది. ఫోను వైరు పీకి కంప్యూటరుకి తగిలిస్తే కాసేపు కీచుమని ఏడ్చి అప్పుడు లైను కలిసేది. కలిసీ కలవగానే తెర మీద చిన్న డబ్బా ఊడిపడేది. ఎవడో ఒకడు మిమ్మల్ని తన జాబితాలో చేర్చుకుంటానంటున్నాడు, సరేనా కాదా అని. అమ్మాయి పేరు కూడా చదవకుండా కాదని నొక్కిపారేసేది. "పాపం ఎవరో ఏమిటో, ఒక్కమాట అడగవే" అనేదాన్ని. "అడిగితే ఏఎస్ఎల్ అంటాడమ్మా" అని విసుక్కునేది. అంటే వయసెంత, ఆడా మగా, ఏ ఊరు అని అట. నాకందులో తప్పేమీ కనబడలేదు. మా ఊళ్లో అడిగేవీ అవేగా, ఇంటిపేరొక్కటి తక్కువ.

అమ్మాయి పెళ్లయి డాలస్ వెళ్లాక స్కైప్ వచ్చింది. దానికి నా పేరు మీదే ఖాతా తెరిచారు. అప్పుడు మొదలయ్యారు జనరళ్లు. ఛాతీ నిండా పతకాలు, వెనకాల జెండా, తెల్లగా మెరిసే పళ్లు. అందరికీ భార్య పోయింది, అందరికీ ఒక్కతే కూతురు, అందరూ ఎక్కడో ఎడారిలో డ్యూటీలోనే ఉన్నారు. అందరికీ నాతో పరిచయం కావాలి. వయసొచ్చిన దాన్ని, మోకాళ్ల నొప్పులదాన్ని, ఫోటో కూడా కనకదుర్గమ్మవారిదే పెట్టుకున్నాను. అయినా 'హలో డియర్' ఆగలేదు. ఇంతమంది విధురుల్ని పెట్టుకుని వాళ్ల దేశం యుద్ధాలెలా చేస్తోందో అని నేను నిజంగానే దిగులుపడ్డాను. ఆ ఫోటోలు ఎవరో అసలు సైనికులవి దొంగిలించి పెట్టుకున్నవని అల్లుడుగారు చెప్పేదాకా, ఊళ్లో మా మండువా ఇంటి పక్క వాటా ఖాళీగానే ఉంది, ఆ కూతుర్ని పంపిస్తే నాలుగు రోజులు అట్టేపెట్టుకుంటాం అని రాద్దామా అన్నంత దూరం వెళ్లాను.

యాహూ మెసెంజర్ 2018 జులై 17న మూతపడింది. స్కైప్‌ని 2025 మే 5న కట్టేశారు. హాయ్‌లకు మాత్రం ఏమీ కాలేదు. మూటాముల్లే సర్దుకుని వాట్సాప్‌లోకి, టెలిగ్రామ్‌లోకి వచ్చేశాయి.

2023 వేసవిలో మీక్కూడా వచ్చే ఉంటాయి, ప్లస్ 62 అని, ప్లస్ 84 అని, 254, 251 అని మొదలయ్యే నంబర్ల నుంచి వాట్సాప్ కాల్స్. ఒక్కసారి మోగి ఆగిపోయేవి. మావారు డైరీ వెనక పేజీల్లో వెతికి ఇండోనేషియా, వియత్నాం, కెన్యా, ఇథియోపియా అని వరసగా చదివి వినిపించారు. మనకా దేశాల్లో ఎవరూ లేరు కదా అంటారాయన. ఎవరూ లేనివాళ్లు కాబట్టే మనకు చేస్తున్నారేమో అంటాను నేను. అంత దూరం నుంచి ఫోన్ చేసి మళ్లీ పెట్టేశారంటే ఎంత మొహమాటమో అని నా బాధ. తిరిగి చెయ్యబోతుంటే చేతిలోంచి ఫోను లాక్కున్నారు. కోడ్ ఫలానా దేశానిదైనంత మాత్రాన మనిషి అక్కడుండక్కర్లేదట. అద్దె నంబర్లట. సరే అద్దెకుండేవాళ్లం మనం మాత్రం కాదా ఏమిటి.

ఇక లిల్లీ సంగతి చెప్పాలి.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంగ్లీషులో ఒక మెసేజ్ వచ్చింది. "డాక్టర్ గారూ, మా కుక్కపిల్ల నిన్నటి నుంచి ఏమీ తినడం లేదు. రేపు తీసుకురమ్మంటారా?" అని. పక్కన గుండ్రంగా ఫోటో, తెల్లగౌను వేసుకున్న పిల్ల, చెవులకు ఏమీ లేవు. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చుగానీ రాయడానికి బద్ధకం. అందుకని తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. "నేను డాక్టర్ని కాదమ్మా. పెరుగన్నం మెత్తగా కలిపి పెట్టి చూడు. ఇంతకీ నువ్వెవరి తాలూకు?"

రాంగ్ నంబర్, క్షమించండి అని వచ్చింది. అక్కడితో ఆగితే ఇదంతా రాయక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే, "కుక్కపిల్ల పెరుగన్నం తింది, మీరు చాలా మంచివారు, మన పరిచయం దేవుడు కలిపినది" అని ఇంకో మెసేజ్. ఆ వెనకాలే, "టిఫిన్ చేశారా?"

ఇక్కడే పడ్డాను నేను. మా ఇంట్లో ఆ మాట నేను అందరినీ అడగడమే తప్ప నన్నడిగిన నాథుడు లేడు. నేను తిన్నానో లేదో మావారు సింకులో కంచాల చప్పుణ్ణి బట్టి ఊహించుకుంటారు. అమ్మాయి డాలస్ నుంచి రోజూ ఒక బొటనవేలు పంపిస్తుంది. నేను అరపేజీ ఉత్తరం లాంటి మెసేజ్ పెట్టినా బొటనవేలే, మామయ్యకి గుండె ఆపరేషన్ అయిందన్నా బొటనవేలే. అలాంటి కొంపలో, ముక్కూ మొహం తెలియని పిల్ల టిఫిన్ చేశారా అంటే పెసరట్టు వేశాను, అల్లం పచ్చడిలో బెల్లం కాస్త ఎక్కువైంది అని చెప్పకుండా ఎలా ఉంటాను?

అలా కొన్నాళ్లు నడిచింది. లిల్లీది సింగపూరు. బట్టల వ్యాపారం. ఫోటోలు పంపేది, పెద్ద కారు, గాజు గ్లాసు, పచ్చిదో పక్కాదో తెలియని చేప ముక్క. నేను గడప ముగ్గు ఫోటో పంపేదాన్ని. ఒకరోజు మాటల్లో మాటగా, మా బాబాయి బంగారం వ్యాపారంలో దిట్ట, ఆయన చెప్పినట్టు పెట్టుబడి పెట్టి నేను బాగుపడ్డాను, మీకూ నేర్పిస్తాను అంది.

బంగారం అంటే నేను నేర్చుకోవలసింది ఏమీ లేదు. ఎన్ని కాసులు, తొమ్మిది వందల పదహారేనా, తరుగెంత తీస్తారు, మజూరీ వేరే వేస్తారా అని అడిగాను. లిల్లీ ఎర్రగీతలూ పచ్చగీతలూ ఉన్న ఒక బొమ్మ పంపింది. గీతలు నాకెందుకమ్మా, నెక్లెస్ ఫోటో ఉంటే పంపు, వెనకాల స్క్రూ కూడా కనబడేలా అన్నాను. నెక్లెస్ కాదు, యాప్ అంది. యాప్ మెళ్లో ఎలా వేసుకుంటారే అన్నాను. అంత బంగారం పెట్టుకుని చెవులు బోసిగా ఎందుకున్నాయని కూడా అడిగాను. అప్పుడు గుర్తొచ్చింది, మా పెద్దాడపడుచు మనవడు సింగపూర్లోనే ఉన్నాడని. ఏ వీధిలో ఉంటావో చెప్పు, ఆదివారం వాడొచ్చి నిన్నూ కుక్కపిల్లనీ చూసి వెళ్తాడన్నాను. జవాబు లేదు. ఇంతకీ నీకు పెళ్లెందుకు కాలేదు, మీ అమ్మా నాన్నా ఏమంటున్నారు, జాతకం ఏమైనా రాయించారా, మా వాడికీ సంబంధాలు చూస్తున్నారు, కులం పట్టింపు వాళ్ల అమ్మకుంది గానీ నేను నచ్చజెబుతానన్నాను.

రెండో రోజుకి ఫోటో మాయమైంది. నా మెసేజ్‌లకి ఒక్క టిక్కే పడుతోంది. పిల్లకి ఒంట్లో బాగాలేదేమో చూడండి అని ఫోను మావారి చేతికిచ్చాను. ఆయన కళ్లజోడు సవరించుకుని మొదట్నుంచీ చివరిదాకా చదివారు. చదువుతూ చదువుతూ కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

"ఏమోయ్, ఈ పిల్ల నిన్ను బ్లాక్ చేసింది."

నన్ను! దోచుకోవడానికి వచ్చినది నా ధాటికి తట్టుకోలేక పారిపోయింది. అమ్మాయికి చెబితే ఆ వారంలో మొదటిసారి బొటనవేలు కాకుండా కళ్లనీళ్లు కారేలా నవ్వే బొమ్మలు ఎనిమిది పంపించింది. నాకు కాస్త గర్వంగానే ఉండేది గానీ మావారు దాన్ని ఎక్కువసేపు ఉండనివ్వలేదు. ఇలాంటి వాళ్లు నంబర్ల జాబితాలు కొంటారట, లేదా యంత్రంతో వరసగా కొట్టుకుంటూ పోతారట. అందులో చాలామటుకు చచ్చిన నంబర్లో, పలకని నంబర్లో ఉంటాయి. హాయ్ అన్నది పలకరింపు కాదు, బతికున్నదేదో చూసుకునే పరీక్ష. నువ్వు తిట్టినా, పెరుగన్నం పెట్టమన్నా వాడికొకటే, నీ నంబరు పక్కన టిక్కు పడుతుంది, టిక్కు పడ్డ నంబరుకి ధర పలుకుతుంది అన్నారు. "అంటే నాకిప్పుడు రేటెక్కువా?" అన్నాను. ఆయన లేచి వెళ్లిపోయారు.

ఆయన చెప్పినట్టే అయింది. టెలిగ్రామ్‌లో ఒక్కసారిగా నాకు గిరాకీ పెరిగింది. వ్రతకథల పుస్తకాలు దొరుకుతాయని వేసుకున్నాను దాన్ని. పొద్దున లేచి చూస్తే అడక్కుండానే నాలుగైదు గుంపుల్లో సభ్యురాలిని. ఇంట్లో కూచుని వీడియోలకి లైకులు కొడితే డబ్బులు, హోటళ్లకి చుక్కలిస్తే డబ్బులు. గుంపులో ఎవరో ఒకతను ఇవాళ నాకు ఇంతొచ్చింది అని రసీదు పెట్టేవాడు. వెంటనే ఇంకొకామె. శుభమా అని డబ్బొస్తే పలకరించని దాన్ని కాదు గనక ఒక్కొక్కరికీ "సంతోషం బాబూ, ముందు అప్పులు తీర్చుకో" అని రాసేదాన్ని. ఆ గుంపులో నేనొక్కదాన్నే మనిషిననీ, మిగతావన్నీ వాళ్లే పెట్టుకున్న పేర్లనీ తర్వాత తెలిసింది. మొదట నూటయాభై నిజంగానే వేస్తారట. తర్వాత పెద్ద పని ఇస్తాం, ముందు వెయ్యి కట్టు అంటారు. ఆ వెయ్యి తిరిగొస్తుంది, పదివేలు మాత్రం రాదు. నేనంత దాకా వెళ్లలేదు. గొప్పేమీ లేదు, చుక్కలివ్వమన్న హోటల్లో నేను తినలేదు, తినకుండా బాగుందని ఎలా చెబుతానని వాదన పెట్టుకున్నాను, తీసేశారు.

ఒక ఆదివారం మావారు నా ఫోను ముందేసుకుని కూచున్నారు. బ్యాంకులో సంవత్సరాంతపు లెక్కలప్పుడు పెట్టే మొహం పెట్టారు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో గ్రూప్స్, నన్నెవరు చేర్చవచ్చు అన్న చోట అందరూ అని ఉన్నదాన్ని మై కాంటాక్ట్స్ చేశారు. 2019 నుంచీ ఉందట ఆ సదుపాయం. ఇన్నేళ్లూ మన తలుపు బార్లా తీసే ఉంది అన్నారు. ఫోటో కూడా తెలిసినవాళ్లకే కనబడేట్టు చేశారు, అమ్మవారికి పరదా వేసినట్టయింది. కాల్స్ అన్న చోట తెలియనివాళ్లవి మోగకుండా ఒక మీట ఉంది, 2023 జూన్‌లో పెట్టారు దాన్ని, ఆ విదేశీ కాల్స్ గొడవయ్యాక. కాల్ వచ్చినట్టు జాబితాలో కనబడుతుంది, చప్పుడు మాత్రం చెయ్యదు. టెలిగ్రామ్‌లో నా నంబరు ఎవరికీ కనబడకుండా, తెలియనివాళ్లెవరూ గుంపుల్లో వెయ్యకుండా కట్టేశారు.

"బ్లాక్ చేస్తే చాలదా?" అన్నాను.

చాలదట. బ్లాక్ చేస్తే ఆగేది ఆ ఒక్క నంబరే, వాడి దగ్గర అలాంటివి సంచీడు. అందుకని రిపోర్ట్ కూడా కొట్టాలి. రిపోర్ట్ చేస్తే ఆ నంబరు నుంచి వచ్చిన చివరి అయిదు మెసేజ్‌లు వాట్సాప్ వాళ్లకు చేరతాయి, అవతలివాడికి తెలియదు. మామూలుగా అయితే మన మాటలు వాళ్లు కూడా చదవలేరు, 2016 నుంచీ అంతా తాళం వేసిన వ్యవహారమే. మనమిస్తేనే వాళ్ల కంట పడేది. చాడీలు చెప్పడమన్నమాట అన్నాను. అదే అన్నారు. చాడీలైతే నాకెవరూ నేర్పక్కర్లేదు, ముందే చెప్పి ఉంటే ఎప్పుడో మొదలెట్టేదాన్ని.

అన్ని తలుపులూ మూశాక కూడా ఒకటి లోపలికొచ్చింది. అదీ తెలిసిన నంబరు నుంచే, మా పిన్ని కూతురి దగ్గర్నుంచి. "వివాహ ఆహ్వానం" అని ఉంది, కింద ఏపీకే అని మూడక్షరాలు. పెళ్లి అనగానే నా వేలు దాని మీదకి దానంతటదే వెళ్లిపోయింది. మావారు వెనక నుంచి అరిచిన అరుపుకి పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు తీశారు. శుభలేఖ ఫోటోగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది, ఏపీకే అంటే ఫోన్లో దిగే యాప్ అట. నొక్కి లోపలికి రానిస్తే మెసేజ్‌లు చదువుతుంది, బ్యాంకు ఓటీపీలు ఎత్తుకుపోతుంది, పైగా మన ఫోన్లో ఉన్నవాళ్లందరికీ మన పేరు మీదే మళ్లీ శుభలేఖలు పంచుతుంది. ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ అని కూడా ఇదే వస్తోందట.

"అవన్నీ సరేనండీ, పెళ్లెవరిదో చూడనివ్వండి" అన్నాను. చూడనివ్వలేదు. ఆ గంటసేపు నేను పడ్డ యాతన పగవాళ్లకి వద్దు. పిన్ని కూతురికి పెళ్లీడు పిల్లలు ఇద్దరున్నారు. ఎవరిది? ఎవరితో? నాకు చెప్పకుండా కుదుర్చుకున్నారా? ఉండబట్టలేక ఫోన్ చేసి, "ఎవరి పెళ్లే, మాటమాత్రం చెప్పలేదు" అని నిష్టూరంగా మొదలెట్టాను. "నాకూ అర్థం కావట్లేదక్కా, పొద్దున్నుంచీ అందరూ అదే అడుగుతున్నారు, ఇద్దరు చీర రంగు కూడా అడిగారు" అంది. ఆవిడా ఎవరి పెళ్లో చూద్దామనే నొక్కిందట. మాది ఒకే రక్తం మరి. మావారు ఫోను తీసుకుని ముందు నెట్ ఆపెయ్యమ్మా, బ్యాంకుకి చెప్పు, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి కొట్టు అని వరసగా చెప్పారు. సొమ్మేమీ పోలేదు. సంబంధం ఒకటి నిజంగానే చూస్తున్నారన్న సంగతి మాత్రం ఆ కంగారులో బయటపడింది.

లిల్లీని నేను దాదాపు మర్చిపోయాక పేపర్లో వచ్చే వార్తలు నన్ను మళ్లీ అటు లాగాయి. 2024 మేలో విశాఖ పోలీసులు కొందరు ఏజెంట్లను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియా పంపినవాళ్లు. అక్కడ పాస్‌పోర్టు లాక్కుని, గదుల్లో పెట్టి, చేయించే పని ఇదే. ఆడపిల్ల ఫోటో పెట్టుకుని దేశదేశాలవాళ్లకి హాయ్ కొట్టడం. లెక్క తప్పితే తిండి ఉండదు, దెబ్బలుంటాయి. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది ఇలా చిక్కుకుని ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2023లోనే చెప్పింది. 2025 మార్చిలో మయన్మార్ వైపు నుంచి థాయిలాండ్ మీదుగా 549 మంది భారతీయుల్ని వాయుసేన విమానాల్లో తెచ్చారు. వాళ్లలో తెలుగు పిల్లలూ ఉన్నారు.

ఆ వార్త చదువుతుంటే నాకొకటి తట్టింది. నేను లిల్లీకి రాసింది తెలుగు, ఇంగ్లీషు అక్షరాల్లో, అదీ కోనసీమ యాసలో. మెత్తగా కలిపిన పెరుగన్నం సంగతి సింగపూరు పిల్లకి ఎలా అర్థమైంది? యంత్రం చెప్పి ఉండొచ్చు. ఈ రోజుల్లో యంత్రాలు అంతా చెబుతాయి అన్నారు మావారు. కావచ్చు. కానీ పెసరట్టూ అల్లప్పచ్చడీ అని నేను రోజూ రాస్తుంటే అటు చదివినవాడు ఏ శ్రీకాకుళం కుర్రాడో అయ్యుంటే? నేను వాడికి సంబంధం చూస్తానన్నాను, కులం పట్టింపు సంగతి నేను చూసుకుంటానని హామీ కూడా ఇచ్చాను. బ్లాక్ చేసింది నన్ను భరించలేకో, పైవాడు చూస్తాడనో, నేను ముసలిదాన్నని జాలిపడో నాకెప్పటికీ తెలియదు. ఎవరి తాలూకు అన్న ప్రశ్నకి అసలు జవాబు రాయనివ్వని చోట ఉన్నాడేమో.

అయినా మళ్లీ హాయ్ వస్తే పలకవచ్చా అని అడిగాను మావారిని. వాడి మీద జాలి ఉంటే పలక్కు, నువ్వు పలికితే లాభం వాణ్ణి కట్టేసినవాడికే అన్నారు. ఆయన మాటతో నేను ఏకీభవించడం అరుదు, ఇది అందులో ఒకటి.

అప్పట్నుంచి నేను మారిపోయాను. ఎంత మారిపోయానంటే, మొన్న ఫోటో లేని ఒక కొత్త నంబరు నుంచి "హాయ్ అమ్మా, బాగున్నారా, టిఫిన్లు అయ్యాయా" అని వచ్చింది. టిఫిన్ మాట చూడగానే గుండె రాయి చేసుకున్నాను. బ్లాక్ కొట్టాను, రిపోర్టూ కొట్టాను, మావారికి చూపించి మెప్పు కూడా పొందాను. అది మా చిన్నాడపడుచు భర్త కొత్త నంబరు. అంతకుముందు రెండుసార్లు వాట్సాప్‌లో కాల్ కూడా చేశారట, ఆ మోగని మీట పుణ్యమా అని మాకు వినబడలేదు. మొన్న గృహప్రవేశంలో అన్నయ్యగారు నాతో మాట్లాడలేదు. మావారితో మాత్రం, "బావా, మీ ఆవిడ నన్ను పోలీసులకి పట్టించిందట కదా" అన్నారు. వాట్సాప్‌కే గానీ పోలీసులకి కాదండీ అని నేను వడ్డన మధ్యలో సర్దిచెప్పబోయాను, అది ఇంకా పెద్దదైంది.

అందుకని చుట్టపక్కాలకీ, స్నేహితులకీ, ఈ పత్రిక చదివే మా ఊరివాళ్లకీ ఒక మనవి. నంబరు మారిస్తే ముందు పాత నంబరు నుంచే ఆ మాట చెప్పండి, లేదా మామూలు ఫోన్ చెయ్యండి, అది మోగుతుంది. ఉత్త హాయ్ పెట్టకండి, టిఫిన్ సంగతి అసలెత్తకండి. శుభలేఖ పంపేటట్టయితే ఫోటో తీసి పంపండి, తప్పకుండా వస్తాం. ముహూర్తం ఏ అపరాత్రో పెట్టుకుంటారు గనక భోజనాలు ఏ పూటో కింద రాయడం మర్చిపోకండి.